పిన్ని పెట్టిన దండం

మా పిన్నికి దండం పెట్టడం రాదని మా ఇంట్లో అందరూ అనేవారు. దేవుడి ముందైనా, పెద్దవాళ్ల ముందైనా ఆవిడ రెండు చేతులూ దగ్గరికి తెచ్చేది గానీ అరచేతులు ఆనేవి కావు. మధ్యలో జామకాయ పట్టేంత ఖాళీ ఉండేది. "ఏంటే ఆ దండం, పెట్టీ పెట్టనట్టు? అంత పొగరు పనికిరాదే," అని మా అమ్మ కసిరేది. పిన్ని నవ్వేసి ఊరుకునేది. ఆ నవ్వూ చిన్నదే. అప్పటికే ఆవిడ నోరు పూర్తిగా తెరుచుకోవడం లేదని మాకెవరికీ తట్టలేదు.

పిన్ని అమ్మకు సొంత చెల్లెలు. కాకినాడలో మా వీధి చివరే వాళ్లిల్లు. నాకు ఊహ తెలిశాక ఆవిడ నుదుటి మీది గీతలు ఒక్కొక్కటే మాయమవుతూ వచ్చాయి. చర్మం బిగిసి నున్నగా మెరిసేది. పేరంటాల్లో ఆడవాళ్లు "ఏం రాస్తున్నావమ్మా, రోజురోజుకీ చిన్నదానివైపోతున్నావు!" అని మెచ్చుకునేవారు. లడ్డూ ఇస్తే చిదిపి చిన్న చిన్న ముక్కలు చేసుకుని తినేది. అది వయ్యారమనేది అమ్మ. ఒకసారి తాతయ్య సంవత్సరీకం నాడు, బంధువులందరి ముందూ, అమ్మ పిన్ని చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని "దండమంటే ఇలా పెట్టాలి" అంటూ గట్టిగా నొక్కింది. పిన్ని "అబ్బా!" అని అరిచింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, పిల్లదాన్ని.

తరువాత ఆవిడకు డాబా మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. ఆ తరువాత మంచం దిగినా వచ్చేది. ఉబ్బసమన్నారు, వాతమన్నారు, దిష్టి అన్నారు. నేను హైస్కూల్లో చేరకముందే పోయింది. ఏ జబ్బుతో పోయిందో ఎవరికీ తెలియలేదు, ఎవరూ అడగలేదు కూడా.

ఇదంతా మరిచిపోయాననే అనుకున్నాను. చదువుకోవడానికి న్యూజీలాండ్ వచ్చాను, ఉద్యోగం దొరికింది, పెళ్లయింది, పాపకూర అనే ఊళ్లో సెటిల్ అయ్యాం. ఆకుకూరలు కడిగి సంచుల్లో నింపే కంపెనీలో క్వాలిటీ చూసే పని నాది. రోజులో సగం చిల్లర్ రూములోనే, అంటే ఆకులు చెడకుండా ఉంచే చలిగదిలో. ఒక పొద్దున పాలకూర సంచి పట్టుకుని చూస్తుండగా నా కుడిచేతి మూడు వేళ్లు కొసల నుంచి కణుపుల దాకా సున్నం పూసినట్టు తెల్లబడ్డాయి. గిల్లితే తెలియడం లేదు. కాసేపటికి నేరేడుపండు రంగుకి తిరిగాయి. బయటికొచ్చి వేడినీళ్ల కింద పెడితే ఎర్రబడి, సూదులు గుచ్చినట్టు మంట. మా సూపర్‌వైజర్ చూసి, రెండు జతల గ్లోవ్స్ వేసుకో అన్నాడు. అందరి చేతులూ చల్లబడతాయి, నువ్వేమన్నా స్పెషలా అని నన్ను నేనే కసురుకున్నాను.

నేను పిరికిదాన్నేమీ కాదు. స్టూడెంటుగా ఉన్న రోజుల్లో మా ఫ్లాట్‌లో దొంగ దూరితే అట్లకాడ పట్టుకుని వీధి మలుపు దాకా తరిమినదాన్ని. అలాంటిదాన్ని, ఆ రోజు ఇంటికొచ్చి ప్యాంట్రీ అరలో పెట్టుకున్న దేవుడి ముందు చేతులు జోడించబోయి ఆగిపోయాను. పిన్ని గుర్తొచ్చింది. ధనుర్మాసంలో వాకిట్లో ముగ్గు పెట్టి లోపలికి వచ్చి, వేళ్లు చంకల్లో దాచుకుని నిలబడే పిన్ని.

మెల్లగా చేతులు కలిపాను. కలిశాయి. కిటికీ వైపు తిరిగి, అరచేతుల మధ్య నుంచి వెలుతురు వస్తోందా అని చూశాను. రాలేదు. ఆ పూట అన్నం సహించింది.

అప్పటి నుంచి పొద్దున్నే అదే పని. దేవుడికి దండం పెడుతున్నానో, నా వేళ్లకి పరీక్ష పెడుతున్నానో నాకే తెలిసేది కాదు. మా ఆయన ఎలక్ట్రీషియన్, తెల్లవారకముందే వ్యాను వేసుకుని పోతాడు కనుక ఈ తంతు ఆయన కంటపడలేదు. పిన్ని సంగతి ఆయనకి చెప్పనే లేదు. పైకి అంటే ఎక్కడ నిజమైపోతుందోనని.

మా డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, ఓపిక ఎక్కువ. మొదటిసారి చూసి, చలికాలంలో ఇక్కడి పాత ఇళ్లలో చాలామందికి వేళ్లు ఇలా వాచి దురదపెడతాయి, చేతులు వెచ్చగా ఉంచుకో అని పంపించింది. నేను వెళ్లింది ఎండ కాసే మధ్యాహ్నం. వేళ్లు బుద్ధిగా మామూలు రంగులో ఉన్నాయి మరి. నాకు ప్రాణం లేచొచ్చింది. తిరిగొస్తూ ఉన్ని గ్లోవ్స్ కొనుక్కున్నాను.

ఆ సంతోషం ఎంతోకాలం నిలవలేదు. పొద్దున లేచేసరికి వేళ్లు అరటిపళ్లలా ఉబ్బేవి. పెళ్లి ఉంగరం రాకుండా బిగుసుకుపోయింది. సబ్బు రాసినా కదలకపోతే మా ఆయన కటింగ్ ప్లేయరు తెచ్చి, "పట్టు, ఒక్క నిమిషం పని," అన్నాడు.

"అది వైరు కాదండీ, వేలు!" అని అరిచాను. చివరికి ఆయనే నూనె రాసి, దారం చుట్టి, ఓపికగా తీశాడు. గుండెల్లో మంట మొదలైంది. "ఆవకాయ మానెయ్," అన్నాడు. ఆవకాయని ఏమన్నా ఊరుకోనని తెలిసీ అన్నాడు. అన్నిటికీ పోట్లాడాను. భయం పోట్లాటగా బయటికొస్తుందని అప్పుడు తెలియదు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా, ఎడమచేతి ఉంగరపు వేలి కొసన చిన్న పుండు లేచి ఎంతకీ మానలేదు. ఆ వారమే ఇక్కడి తెలుగువాళ్లం ఒక స్కూలు హాలు తీసుకుని కలిశాం. పులిహోర వడ్డిస్తున్నాను. వరసలో నిలబడ్డ ఒకావిడ నా ముఖంలోకి చూసి, "భలే గ్లో వచ్చిందండీ! ఏం క్రీమ్ వాడుతున్నారు?" అంది.

గరిటె అక్కడే వదిలేసి బాత్‌రూమ్‌లోకి వెళ్లి తలుపు గడియ పెట్టుకున్నాను. అద్దం ముందు నుదురు చిట్లించాను. ముప్పై ఏడేళ్ల మనిషికి గీతలు ఉండాలి కదా. చిట్లించి, కనుబొమలు పైకెత్తి, బుగ్గ పట్టుకుని లాగి చూశాను. ముడతల కోసం దేవుణ్ణి వేడుకున్న ఆడది భూమ్మీద నేనొక్కదాన్నే అయి ఉంటాను. బయట ఎవరో పిల్లలు తలుపు కొడుతున్నారు.

మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఈసారి వాన పడే పొద్దున్న. నర్సు నా వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టింది. అంకె రాలేదు. ఇంకో వేలికి మార్చింది, క్లిప్పు మార్చింది, బ్యాటరీ చూసింది. "బతికే ఉన్నావు కదా?" అని నవ్వింది. తరువాత నా వేళ్లు చూసి నవ్వు ఆపి, డాక్టరమ్మని పిలుచుకొచ్చింది. డాక్టరమ్మ చూస్తుండగానే నా వేళ్లు తెల్లగా, ఆపైన నీలంగా మారాయి. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని, గుండెల్లో మంట గురించి, పుండు గురించి, ఆయాసం గురించి ఒక్కొక్కటే అడిగింది. అంతవరకు విడివిడిగా ఉన్న నా తిప్పలన్నీ ఆవిడ నోట వరసలో నిలబడ్డాయి.

"మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటివి ఉన్నాయా?" అని అడిగింది.

"లేవు," అన్నాను. పిన్నికి ఏ జబ్బో ఎవరూ చెప్పలేదు కదా అని మనసుకి సర్దిచెప్పుకున్నాను.

ఆవిడ రాసిచ్చిన రక్తపరీక్షల్లో ఒకటి పాజిటివ్ వచ్చింది. ఒంటిని కాపాడాల్సిన కాపలా, సొంత ఒంటినే పరాయిదనుకుని కొడుతోందేమోనన్న అనుమానానికి ఆ పరీక్ష ఒక గుర్తు మాత్రమేనని డాక్టరమ్మ చెప్పింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ కొందరికి అలా వస్తుందట. ఒక్క పరీక్ష చూసి జబ్బుకి పేరు పెట్టకూడదు, చేతులు, చర్మం, ఊపిరితిత్తులు అన్నీ కలిపి చూసేవాళ్లు చూడాలని పెద్దాసుపత్రికి రాసింది. పిలుపు రావడానికి నెలలు పట్టవచ్చంది.

అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. ఆ నెలల్లో పనిలేకపోయినా స్టేషన్ దగ్గర పట్టాల మీది వంతెన మెట్లెక్కేదాన్ని, ఆయాసం వస్తోందా అని. వచ్చిన రోజున, ఇది మెట్ల వల్లా, పిన్ని జబ్బు వల్లా అని రెయిలింగు పట్టుకుని నిలబడిపోయేదాన్ని. నాకు ఆరేళ్ల కూతురుంది. పిన్ని పోయినప్పుడు వాళ్ల అబ్బాయికీ ఆరేళ్లే.

మా పక్కింట్లో ఫిజీ ఆంటీ ఉంటారు. ఆవిడ తాతముత్తాతలు తెలుగువాళ్లు. ఆవిడకు వచ్చిన తెలుగంతా వాళ్ల ఆజీ, అంటే నాయనమ్మ దగ్గర నేర్చుకున్న నాలుగు మాటలు, మిగతాది ఫిజీ హిందీ. వెనకపెరట్లో గ్లాస్‌హౌస్‌లో కుండీలో గోరింటాకు మొక్కని పసిబిడ్డలా సాకుతారు. ఆషాఢం రాగానే ఆకు రుబ్బి తెచ్చారు. ఆషాఢంలో పెట్టుకుంటే ఒంట్లో వేడి తగ్గుతుందని మనవాళ్ల నమ్మకం. ఇక్కడ ఆషాఢమంటే నడి చలికాలం, తగ్గించడానికి వేడెక్కడ ఉంది?

"చెయ్యి ఇయ్యి బేటీ. ఆజీ చెప్పేది, గోరింటాకుకి చేతుల రోగం పారిపోతాది," అన్నారు.

ఇచ్చాను. ఆ రోజుల్లో ఎవరేం చెప్పినా ఇచ్చేదాన్ని. వేళ్లన్నిటికీ నిండుగా టోపీలు పెట్టారు. పుండున్న వేలి దగ్గరికి రాగానే ఆగి, "వద్దు వద్దు, ఇది మండుతాది," అని, దానికి బ్యాండేజీ సరిచేసి వదిలేశారు. పొద్దున్నకి మందారపువ్వంత ఎరుపు. ఎన్నాళ్ల తరువాతో నా చేతులు నాకు ముద్దొచ్చాయి. అంతకన్నా విచిత్రం, బియ్యం కడుగుతుంటే వేళ్లు మొద్దుబారాయి గానీ తెలుపూ కనబడలేదు, నీలమూ కనబడలేదు. సగం తగ్గిపోయిందనే నమ్మాను. ఫుడ్ టెక్నాలజీ చదివిన మనిషిని, ఎరుపు కింద తెలుపు దాక్కుందని తట్టలేదు.

ఆ ఎరుపు వెలవకముందే ఆసుపత్రి నుంచి ఫోను. ఎవరో రావడం లేదట, రేపు ఖాళీ ఉంది, వస్తారా అని. మా ఆయన పని మానుకుని నాతో వచ్చాడు.

స్పెషలిస్టు తలనెరిసిన మనిషి. నా చేతులు తన చేతుల్లోకి తీసుకోగానే కళ్లజోడు సర్దుకున్నాడు. "ఈ రంగేమిటి?" అన్నాడు. చెప్పాను. బాగుందన్నాడు. తరువాత గోటి మొదట్లో ఒక చుక్క నూనె వేసి, దీపమున్న చిన్న భూతద్దం పెట్టి చూశాడు. ఒక వేలు, ఇంకో వేలు. తల అడ్డంగా ఊపాడు. గోటి మొదట్లో చర్మం కింద వెంట్రుక కన్నా సన్నటి రక్తనాళాలుంటాయట. వాళ్లు అనుమానిస్తున్న జబ్బు మొదట రాసుకునేది అక్కడేనట. ఆ రాత మీద నేను గోరింటాకు పూసుకొచ్చాను. ఏమీ కనబడటం లేదు, రంగు పోయాక మళ్లీ చూడాల్సి ఉంటుందేమో అన్నాడు.

మళ్లీనా? ఇంకో నిరీక్షణ నా వల్ల కాదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నా మీద నాకే ఒళ్లు మండిపోయింది. "అది పండగ రంగండీ, ఏం చేస్తాం," అని మా ఆయన తెలుగులోనే డాక్టరుకి సంజాయిషీ చెప్పబోయాడు పాపం.

అప్పుడు డాక్టరు చూపు బ్యాండేజీ మీద పడింది. "దీనికీ రంగు వేశారా?"

లేదన్నాను. బ్యాండేజీ తీసి పుండు చూశాడు. దాని పక్కన సూదితో గుచ్చినట్టున్న చిన్న గుంటలు చూశాడు. ఆ గోటి మొదట్లో నూనె చుక్క వేసి, భూతద్దం పెట్టి వంగాడు. అలాగే ఉండిపోయాడు. ఎంతకీ తలెత్తడే! మా ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

తలెత్తి, ఆ వేలి విషయం ఏమీ చెప్పకుండా, "రెండు అరచేతులూ కలిపి చూపించండి. ఎలాగో మీకు నేను చెప్పనక్కర్లేదు," అన్నాడు.

నేను కదలలేదు. ఆయన తన చేతులు జోడించి చూపించాడు. మామూలు దండం. ఎదురుగా ఒక తెల్లాయన నాకు దండం పెడుతుంటే, మా తాతయ్య సంవత్సరీకం నాటి గది, ఆ నవ్వులు, "అబ్బా!" అన్న పిన్ని అరుపు ఒక్కసారి చెవుల్లో పడ్డాయి. చేతులు కలిపాను. అరచేతులు ఆనాయి. వేళ్ల మొదళ్ల దగ్గర మాత్రం సన్నటి వెలుతురు కనబడింది. నిన్న పొద్దున కూడా అది ఉంది. నేను చూడనట్టు నటించానంతే.

"మా పిన్ని," అన్నాను.

ఇక ఆగలేదు. మెరిసే ముఖం, చిన్న ముక్కల లడ్డూ, చంకల్లో వేళ్లు, డాబా మెట్లు, కలవని చేతులు, అన్నీ చెప్పేశాను. సగం ఇంగ్లీషు, సగం తెలుగు. డాక్టరు కలం కింద పెట్టి విన్నాడు. మా ఆయనా విన్నాడు, మొదటిసారి. తాను చూడని మనిషి గురించి గట్టిగా చెప్పలేనని, కానీ నేను చెప్పినదంతా ఒకే దారి చూపిస్తోందని డాక్టరు అన్నాడు. ఆ దారిలో నేను మొదటి మలుపులో ఉన్నాను. స్క్లెరోడెర్మా. చర్మం, దానితోపాటు ఒక్కోసారి లోపలి అవయవాలూ బిగుసుకుపోయే జబ్బు. ముందు ఊపిరితిత్తులు చూడాలన్నాడు.

తిరిగొస్తూ కారులో మా ఆయన అడిగాడు.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నిజమైపోతుందని."

తన వైపు హీటరు గాలి మూసేసి, నా వైపున్న రెండు రంధ్రాలూ నా చేతుల మీదికి తిప్పాడు. ఇంటిదాకా ఏడుస్తూనే ఉన్నాను.

ఊపిరితిత్తుల పరీక్ష గాజుగదిలో. ముక్కుకి క్లిప్పు పెట్టి, గొట్టంలోకి ఊదమన్నారు. బయటి నుంచి ఒకమ్మాయి "ఊదు, ఊదు, ఇంకా, ఇంకా, ఆపకు!" అని అరుస్తోంది. పిన్ని ఊదలేకపోయిన గాలంతా నేనే ఊదాలన్నట్టు ఊదాను. కళ్లు బైర్లు కమ్మాయి. స్కాను తీశారు, గుండె చూశారు. ఫలితం వచ్చేదాకా పాపకి వేసిన జడే విప్పి మళ్లీ వేసేదాన్ని. నేను లేకపోతే దానికి జడ ఎవరు వేస్తారన్న ఆలోచన వస్తే దువ్వెన జారిపోయేది.

ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నారు. ఇప్పటికి. ఏటా చూస్తూ ఉండాలి, మార్పు కనబడితే వెంటనే మందు మొదలుపెడతారు. రక్తనాళాలు తెరుచుకోవడానికి ఒక మాత్ర, గుండెల్లో మంటకి ఒకటి. ఆవకాయ నిజంగానే తగ్గించమన్నారు. ఆ మాటకి మా ఆయన నా వైపు చూడకపోవడం ఆయన మంచితనం. పనిలో చిల్లర్ నుంచి లేబుళ్లు చూసే బల్ల దగ్గరికి మార్చారు. భయం పోలేదు. ఆ "ఇప్పటికి" అన్న మాట రోజూ నాతో పాటే నిద్ర లేస్తుంది. కానీ పొద్దున చేతులు జోడించినప్పుడు కిటికీ వైపు తిరగడం మానేశాను.

అమ్మకి చెప్పడానికి ఒక ఆదివారం వీడియో కాల్ చేశాను. జబ్బు పేరు రెండుసార్లు పలికించుకుంది. మందులున్నాయి, ముందుగానే పట్టుకున్నారు, కంగారుపడకు అన్నాను. పట్టుకున్నదెలాగని అడిగింది. వేళ్ల రంగు, గోళ్లు చెప్పి, "దండం కూడా పెట్టించి చూశారమ్మా. ఈ జబ్బు ముదిరితే అరచేతులు కలవవట," అన్నాను.

అమ్మ ముఖం ఫోనులో కదలకుండా ఆగిపోయింది. నెట్ పోయిందనుకున్నాను. పోలేదు. ఆవిడ వెనక ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"అంటే..." అంది. "దానికి చేతులు కలవలేదా?"

"కలవవమ్మా. ఎంత నొక్కినా కలవవు."

"నేను నొక్కాను కదే," అంది.

అమ్మ ఫోనుని దేనికో ఆనించి నిలబెట్టి, రెండు చేతులూ పైకి తెచ్చి కలిపింది. డెబ్బై దాటిన చేతులు, చక్కగా, సందు లేకుండా కలిశాయి. వాటి వంకే చూస్తూ కూర్చుంది. పాప వచ్చి అమ్మమ్మకి హాయ్ చెప్పినా వాటిని విడదీయలేదు.